ఇన్నాళ్ళకు నటించాడట!

2023లో 'రంగమార్తాండ' చూసి హాలు మెట్లు దిగుతుంటే వెనక ఒక పెద్దాయన అంటున్నాడు: "బ్రహ్మానందం ఇన్నాళ్ళకు నటించాడు." పక్కనున్నావిడ వంత పాడింది: "నిజమేనండీ, ఏడిపించాడు." ఇద్దరూ మెచ్చుకుంటూనే అన్నారు. నాకే ఆ మాట చెప్పులో రాయిలా ఇల్లు చేరేదాకా గుచ్చుతూ వచ్చింది. ఇన్నాళ్ళకు నటించడమేమిటి? వెయ్యికి పైగా సినిమాల్లో ఆ మనిషి చేసిన పనికి పేరేమిటి మరి? కనుబొమ్మ వెంట్రుకవాసి పైకెత్తి హాలు మొత్తాన్ని ఒక్క క్షణంలో నవ్వించడం నటన కాకపోతే గారడీయా?

ఆ రాత్రి నాకు గుర్తొచ్చినవాడు అమెరికన్ హాస్యనటుడు ఎడ్ విన్. మన దగ్గర ఆ పేరు తెలిసినవాళ్ళు తక్కువే. 'మేరీ పాపిన్స్' సినిమాలో నవ్వు ఆపుకోలేక గాల్లోకి తేలిపోయి, ఇంటి కప్పు దగ్గర కూర్చుని టీ తాగే ముసలి ఆల్బర్ట్ మామయ్య అంటే మాత్రం చాలామంది "ఆయనా!" అంటారు. ఆయనే. 1964లో ఆ సినిమా వచ్చేనాటికి ఆయన స్టేజీ ఎక్కి అరవై ఏళ్ళు దాటింది. విన్ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా చివరి పదేళ్ళ దగ్గర గొంతు పెంచి, "చూశారా, విదూషకుడిలో ఎంత గొప్ప నటుడు దాగి ఉన్నాడో" అని ముగిస్తారు. నా పేచీ ఆ 'దాగి ఉన్నాడు' అన్న మాటతోనే.

అసలు పేరు ఐజయా ఎడ్విన్ లియోపోల్డ్. 1886 నవంబరు 9న ఫిలడెల్ఫియాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రిది ఆడవాళ్ళ టోపీల వ్యాపారం. కొడుకు దుకాణంలో కూర్చుంటాడని ఆయన ఆశ. కొడుకేమో ఆ టోపీలను నెత్తిన పెట్టుకుని వెర్రిమొర్రి వేషాలు వేయడంలో తరించి, పదిహేను పదహారేళ్ళ వయసులో ఇల్లు వదిలి పారిపోయాడు. ఇంటిపేరుకు తలవంపులు రాకూడదని 'ఎడ్విన్'ను మధ్యకు విరిచి ఎడ్ విన్ అయ్యాడు. తండ్రి అమ్ముకున్న సరుకునే కొడుకు జీవితమంతా నెత్తిన మోశాడు: చిట్టి టోపీలు, పొట్టి కోట్లు, పడవల్లాంటి బూట్లు, గుండ్రటి కళ్ళజోడు, కాస్త నత్తి, కీచుగా వచ్చే ఒక నవ్వు.

ఆయన చేరింది వాడెవిల్‌లో. వాడెవిల్ అంటే నాటకం కాదు, సర్కస్ కాదు. సాయంత్రానికి ఎనిమిది తొమ్మిది అంశాలు: ఒకడు కత్తులు ఎగరేస్తాడు, ఒకావిడ పాడుతుంది, కుక్కలు గంతులు వేస్తాయి, ఇద్దరు మాటలతో కొట్టుకుంటారు, మధ్యలో హాస్యగాడు. ఒక్కొక్కరికి పది నుంచి ఇరవై నిమిషాలు. పెద్ద హాళ్ళలో రోజుకు రెండు ఆటలు, చిన్నవాటిలో ఇంకా ఎక్కువ. వారం కాగానే పెట్టె సర్దుకుని రైలెక్కి మరో ఊరు. ఊరూరా వాడెవిల్ హాళ్ళు నడిపిన కీత్ సంస్థలో సోమవారం తొలి ఆట కాగానే మేనేజరు ఒక్కొక్క అంశం మీద నివేదిక రాసి పై ఆఫీసుకు పంపేవాడు: ఇది బాగా పట్టింది, ఇది చల్లబడింది, ఫలానా మాట తీసేయమన్నాను. సాయంత్రం ఆటకల్లా ఆ మాట ఉండకూడదు.

ఇలాంటి చోట మనిషికి అబ్బేదేమిటి? అదే పన్నెండు నిమిషాల వేషాన్ని ఏళ్ళ తరబడి, వేలసార్లు, వేర్వేరు ఊళ్ళ జనం ముందు అరగదీస్తాడు. ఏ మాట తర్వాత ఎంతసేపు ఆగాలో, నవ్వు ఎక్కడ లేచి ఎక్కడ విరుగుతుందో, అది పూర్తిగా చల్లారకముందే తరువాతి మాట ఎలా అందించాలో ఒంటికి పడుతుంది. నేర్పే గురువు లేడు, దిద్దే దర్శకుడు లేడు. చీకట్లో కూర్చున్న జనమే అన్నీ. విన్ పేరు మీద ఒక మాట చలామణీలో ఉంది: హాస్యపు మాటలు చెప్పేవాడు వేరు, మాటలను హాస్యంగా చెప్పేవాడు వేరు అని. తాను రెండో రకమని ఆయన ధీమా. నిజమే, విన్ చెప్పిన జోకులను కాగితం మీద చదివితే చిన్నపిల్లలు కూడా మొహం తిప్పుకుంటారు. ఆయన నోట వింటే పెద్దవాళ్ళు కుర్చీల్లోంచి జారిపోయేవారు.

1913 మార్చిలో న్యూయార్క్‌లో ప్యాలెస్ థియేటర్ తెరిచినప్పుడు తొలి ప్రదర్శనలో విన్ ఉన్నాడు. తరువాతి కాలంలో వాడెవిల్ వాళ్ళందరికీ ఆ హాలే కాశీ అయింది. అక్కడి నుంచి జీగ్‌ఫెల్డ్ ఫాలీస్, న్యూయార్క్‌లో ఏటా ఆడే ఆర్భాటమైన ఆటపాటల ప్రదర్శన. 1915 ఫాలీస్ నాటి ఒక ముచ్చట ఉంది. మరో హాస్యనటుడు డబ్ల్యు.సి. ఫీల్డ్స్ బిలియర్డ్స్ బల్ల దగ్గర తన హాస్యం చేస్తున్నాడు. అనుకున్న చోట కాకుండా ఇంకెక్కడో నవ్వులు లేస్తున్నాయి. చూస్తే బల్ల కింద విన్ దూరి, జనం వైపు తిరిగి మూతులు విరుస్తున్నాడు. ఫీల్డ్స్ చేతిలో ఉన్న కర్రను తిప్పి నెత్తిన ఒక్కటి ఇచ్చాడు. విన్ స్పృహ తప్పాడు. జనం అది కూడా వేషంలో భాగమేననుకుని ఇంకా గట్టిగా నవ్వారు. చెప్పినవాళ్ళు చెప్పినకొద్దీ కొంత మసాలా చేరి ఉండవచ్చుగానీ, ఆ బల్ల కింది మనిషిని మాత్రం గుర్తుపెట్టుకోండి. పైన సాటి నటుడు పని చేస్తుంటే ఇతని చూపు అతని మీద లేదు, జనం మీద ఉంది. నలభై ఏళ్ళ తర్వాత ఆయనను ముప్పుతిప్పలు పెట్టింది ఆ చూపే.

1919లో నటుల సంఘం సమ్మెకు దిగినప్పుడు విన్ ముందు వరసలో నిలబడ్డాడు. సమ్మె గెలిచింది, నిర్మాతలు మాత్రం ఆయన మీద కత్తి కట్టారు. పని ఇచ్చేవాడు లేకపోతే తానే రాసుకుని, తానే పెట్టుబడి వెతుక్కుని, తానే ఆడాడు. 1921 నాటి 'ది పర్ఫెక్ట్ ఫూల్' అలా వచ్చిందే. ఆ పేరే ఆయనకు బిరుదైంది.

1932లో రెండు సంగతులు జరిగాయి. ఇరవై ఏళ్ళుగా వాడెవిల్‌కు పుణ్యక్షేత్రమైన ప్యాలెస్ సినిమా హాలుగా మారిపోయింది. విన్ రేడియోలో టెక్సకో కంపెనీ కార్యక్రమానికి 'ఫైర్ చీఫ్' అయ్యాడు. మైకు ముందు నిలబడాలంటే ఆయనకు వణుకు. జనం లేనిదే నా వల్ల కాదని స్టూడియోలోకి ప్రేక్షకులను రప్పించుకున్నాడు. అంతటితో ఆగక పూర్తి వేషం, రంగు, అగ్నిమాపక దళం టోపీ వేసుకుని మరీ రేడియోలో మాట్లాడేవాడు! వినేవాళ్ళకు కనిపించని వేషం ఎవరి కోసం? నవ్వొస్తుంది కానీ, ఆలోచిస్తే జాలి కూడా వేస్తుంది. ఆ టోపీ తీస్తే లోపల ఎవరున్నారో ఆయనకే అనుమానమేమో.

ఆ తర్వాత అన్నీ దెబ్బలే. 1933లో సొంతంగా రేడియో నెట్‌వర్క్ పెట్టి కొద్ది వారాల్లోనే చేతులు కాల్చుకున్నాడు. 1937లో విడాకులు. మధ్యమధ్య న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో లేచి నిలబడ్డాడు. 1949లో టెలివిజన్ కొత్తగా వచ్చినప్పుడు మళ్ళీ వెలిగాడు, 1950లో ఎమ్మీ అవార్డు కూడా అందుకున్నాడు. అంటే నవ్వుకు ఎవరూ బహుమతి ఇవ్వలేదని నేను అనలేను. ఇచ్చారు. ఇచ్చిన నాలుగైదేళ్ళకే పాతబడ్డాడని మూలన కూర్చోబెట్టారు. 1950ల నడుమ, డెబ్భైకి దగ్గరపడిన ఎడ్ విన్‌ను పిలిచేవాడు లేడు.

అప్పుడు చెయ్యి పట్టుకుని లాగినవాడు కొడుకు. కీనన్ విన్ అప్పటికే పేరున్న సినిమా నటుడు, మన సినిమావాళ్ళ మాటలో క్యారెక్టర్ ఆర్టిస్టు. తండ్రీకొడుకుల మధ్య సఖ్యత అంతంతమాత్రం. అతను 1959లో వచ్చిన తన ఆత్మకథకు పెట్టుకున్న పేరే 'ఎడ్ విన్ కొడుకు'. తండ్రి నీడ ఎంత పొడుగో ఆ పేరు చెబుతుంది. అలాంటివాడు తండ్రిని కూర్చోబెట్టి, ఇక టోపీలు చాలు, మామూలు మనిషిగా వేషం వేయమని నచ్చజెప్పాడు.

1956 అక్టోబరు 11న సీబీఎస్ టెలివిజన్‌లో 'ప్లేహౌస్ 90' అనే నాటకాల వరస కింద 'రెక్వియం ఫర్ ఎ హెవీవెయిట్' ప్రసారమైంది. రాడ్ సెర్లింగ్ రచన, రాల్ఫ్ నెల్సన్ దర్శకత్వం. తొంభై నిమిషాల నాటకం, అంతా ప్రత్యక్ష ప్రసారం. తప్పు పోతే దిద్దుకునే దారి లేదు. ఆట అయిపోయిన బాక్సరుగా జాక్ పాలన్స్, అతన్ని పిండుకుందామని చూసే మేనేజరుగా కీనన్, రింగు మూలన నిలబడి గాయాలకు మందు రాసే ముసలి ఆర్మీగా ఎడ్ విన్. కథలో ఒక చేదు మెలిక ఉంది. ఆ మేనేజరు తన అప్పులు తీర్చుకోవడానికి బాక్సరు చేత నవ్వు పుట్టించే వేషం వేయించి దొంగ కుస్తీలకు దింపాలని చూస్తాడు. పాత్రకు వెర్రి వేషం తొడగడం ఎంత అవమానమో చెప్పే నాటకంలో, బతుకంతా వెర్రి వేషం తొడుక్కున్నవాడు దాన్ని విప్పేసి నిలబడ్డాడు.

రిహార్సళ్ళు మాత్రం నరకం. మాటలు గుర్తుండవు. గుర్తున్న చోట అలవాటు కొద్దీ ఏదో ఒక చమత్కారం చేరుస్తాడు. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడు, తన వంతు కోసం చూస్తాడు. చివరికి మరొక నటుడికి రహస్యంగా ఆ పాత్ర నేర్పించి సిద్ధంగా ఉంచారు. ఇదంతా మనకెలా తెలుసంటే, 1960లో ఇదే ఉదంతాన్ని అదే రాల్ఫ్ నెల్సన్ 'ది మ్యాన్ ఇన్ ది ఫన్నీ సూట్' పేరుతో టెలివిజన్ నాటికగా తీశాడు. ఎడ్ విన్ ఎడ్ విన్‌గా, కీనన్ కీనన్‌గా, సెర్లింగ్ సెర్లింగ్‌గా నటించారు. నాటిక కాబట్టి కొంత కల్పన ఉంటుంది. అయినా డెబ్భై మూడేళ్ళ మనిషి, తాను చేతకాక తడబడిన రోజులను తానే మళ్ళీ ఆడి దేశానికంతటికీ చూపించాడు. ఆస్కార్ నామినేషన్ కన్నా నేను ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

'రెక్వియం' ఆనాటి రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది. చూస్తే ఆర్మీ పాత్రలో గొంతు విరగడం, మాట చివర కాస్త వణకడం అంతా పాత ఎడ్ విన్‌దే. అదేమీ పోలేదు. మారింది ఒక్కటే: పాలన్స్ మాట్లాడుతున్నంతసేపూ ఆ ముసలాయన చూపు పాలన్స్ మీదే ఉంటుంది. 1915లో బల్ల కింది మనిషి ఎట్టకేలకు బల్ల మీద ఆడుతున్నవాడిని చూశాడు.

కాబట్టి 'లోపల దాగి ఉన్న నటుడు బయటపడ్డాడు' అన్న మాట రెండు విధాలా తప్పు. మొదటిది, దాగి ఉన్నదేమీ లేదు. ఆగడం, వినిపించడం, ఒక చిన్న మాటకు ప్రాణం పోయడం ఆయనకు యాభై ఏళ్ళుగా చేతిలో పని. రెండోది, లేనిదొకటి ఆయన నిజంగా నేర్చుకోవలసి వచ్చింది. హాస్యగాడు ఏదైనా ఇట్టే చేసేస్తాడు, ఏడిపించడం వాడికో లెక్కా అని కొందరు అభిమానులు అంటుంటారు. అదీ నేను ఒప్పుకోను. ఇట్టే చేసేస్తే రహస్యంగా ఇంకొకణ్ణి సిద్ధం చేయడం దేనికి? ఆయనకు లేనిది విషాదం కాదు, ఎదుటి మనిషి.

ఇక్కడ మన సంగతి ఒకటి తప్పక గుర్తొస్తుంది. మన సినిమాల్లో చాలాకాలం 'కామెడీ ట్రాక్' విడిగా రాసి, విడిగా తీసి, కథ మధ్యలో అతికించేవారు. హీరోకు, హాస్యనటుడికి ఒక్క దృశ్యంలో కూడా చూపులు కలవని సినిమాలున్నాయి. అది అచ్చం వాడెవిల్ అంశమే: పన్నెండు నిమిషాలు, నీ నవ్వు నువ్వు తెచ్చుకో, వెళ్ళిపో. మనిషిని అలా విడిగదిలో పెట్టి తాళం వేసి, ఆనక ఒకరోజు తలుపు తీసి "అబ్బ, ఇతనికి నటన కూడా వచ్చే!" అని ఆశ్చర్యపోవడం మనకే చెల్లింది. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో బుర్రకథ చూసేవాణ్ణి. కథకుడికి ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. హాస్యపు వంత సగం సేపు ఏమీ మాట్లాడడు, డక్కీ వాయిస్తూ కథకుడి మొహం చూస్తుంటాడు. వీరుడు చచ్చిపోయే ఘట్టంలో, కథకుడికి ఊపిరి తిరగని చోట, సరిగ్గా ఒక పిచ్చి ప్రశ్న వేస్తాడు. జనం నవ్వుతారు, కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు, మరుక్షణం అందరూ ఏడుస్తారు. ఆ ఏడుపులో అతని వాటా ఎంత?

విన్ సంగతికి వస్తే, 1956 తర్వాత వేషాలు వరస కట్టాయి. 1959లో జార్జ్ స్టీవెన్స్ తీసిన 'ది డైరీ ఆఫ్ ఆన్ ఫ్రాంక్'లో నాజీలకు భయపడి ఆన్ కుటుంబంతో పాటు అటక మీద తలదాచుకునే దంతవైద్యుడు డస్సెల్‌గా వేశాడు. విసుగు, భయం, ఒకే గదిలో పిల్లతో ఇరుకుగా బతకలేని చిరాకు. ఆయన దాన్ని ఎక్కడా తీపి చేయలేదు. ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్‌కు పేరు వెళ్ళింది, బహుమతి 'బెన్‌హర్'లో వేసిన హ్యూ గ్రిఫిత్‌కు దక్కింది. బాధ లేదు. ఆ నామినేషన్‌తో ఆయన 'నటుడు' అని ముద్ర పడింది. ముద్ర వేసినవాళ్ళే మళ్ళీ డిస్నీ సినిమాల్లో నవ్వు వేషాలకు పిలిస్తే ఆయన నిక్షేపంగా వెళ్ళాడు. పైమెట్టు ఎక్కినవాడు దిగిపోయినట్టు ఎక్కడా ప్రవర్తించలేదు. మెట్ల లెక్క మనదే.

1956లోనే మరో వాడెవిల్ ముసలాయనకు ఇంకో అనుభవం అయింది. 'విజర్డ్ ఆఫ్ ఓజ్'లో పిరికి సింహం వేసిన బర్ట్ లార్ ఆ ఏడాది మయామీలో బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' ఆడాడు. ఇద్దరు మనుషులు ఎప్పటికీ రాని ఒకడి కోసం ఎదురుచూస్తూ కూర్చునే నాటకం అది. రెండు ఖండాలను కడుపుబ్బ నవ్వించిన నాటకమని ప్రకటనలు గుప్పించారు. లార్ పేరు చూసి వచ్చినవాళ్ళు సగంలోనే లేచి వెళ్ళిపోయారు. అదే లార్ కొద్ది నెలలకు న్యూయార్క్‌లో అదే పాత్ర వేస్తే నీరాజనాలు పట్టారు. నటుడు అతనే, వేషం అదే. మనం ఏం చూడాలని టికెట్టు కొన్నామన్నదే తేడా.

ఇంతకీ నాకు విన్ వేషాల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఆస్కార్ దాకా వెళ్ళింది కాదు. 1959 అక్టోబరులో, 'ట్విలైట్ జోన్' అనే టెలివిజన్ కథల వరస మొదలైన రెండో వారం వచ్చిన అరగంట కథ, 'వన్ ఫర్ ది ఏంజెల్స్'. రచన మళ్ళీ సెర్లింగే. లూ బుక్‌మన్ వీధి పక్కన మడత కాళ్ళ మీద పెట్టె పెట్టుకుని టైలు, దారాలు, బొమ్మలు అమ్ముకునే ముసలివాడు. పిల్లలంటే ప్రాణం. ఒకరోజు సూటు వేసుకుని, పుస్తకం పట్టుకుని మృత్యువు వస్తాడు. మరే రాజసమూ లేదు, బీమా ఏజెంటులా ఉంటాడు. బుక్‌మన్ బేరమాడి గడువు సంపాదిస్తాడు: దేవదూతలు కూడా ఆగి వినేంత గొప్పగా ఒక్కసారి సరుకు అమ్మేదాకా ఆగమని. గడువు దొరికాక, ఇక జన్మలో అమ్మనే అమ్మనంటాడు. మృత్యువు ఊరుకుంటాడా? బుక్‌మన్‌కు బదులు వీధిలోని చిన్నపిల్ల మ్యాగీని లెక్కలో వేసుకుంటాడు. అర్ధరాత్రి పన్నెండుకు ఆ పిల్ల దగ్గర ఉండాలి. దాటితే కుదరదు.

ఆ ఇంటి ముందు మెట్ల దగ్గర ముసలివాడు పెట్టె తెరుస్తాడు. అమ్మవలసింది మృత్యువుకే. సంతలో అరిచేవాడిలా గలగలా వాగాల్సిన దృశ్యం అది. విన్‌కు ఆ వేగం లేదు, ఒప్పుకోవాలి. నాలుక ఎప్పుడూ మెత్తనే. కానీ ఒక దారపు ఉండ చేతిలోకి తీసుకుంటాడు చూడండి. పట్టులాంటి దారమట, ఉక్కంత గట్టిదట, సముద్రాలు దాటడానికి తర్ఫీదిచ్చిన పక్షులు గొంతు కింద చిన్న సంచుల్లో ఇంతింతగా మోసుకొస్తాయట. శుద్ధ కోత. 1921 నాటి 'పర్ఫెక్ట్ ఫూల్' చెప్పే కోతే అది, ఆ వేళ్ళు దారాన్ని లాగే తీరూ అదే. ఒక్క తేడా: ఒక కన్ను ఎప్పుడూ ఎదుటివాడి మీద ఉంటుంది, ఎందుకంటే వాడు గడియారం చూడకూడదు. నవ్వించడానికి నేర్చిన సమయజ్ఞానం మొత్తం ఇక్కడ ఒక పిల్ల ప్రాణానికి కాపలా. మృత్యువుకు చెమటలు పడతాయి. ఉన్నదంతా ఇచ్చేయమంటాడు. పన్నెండు దాటిపోతుంది.

నన్ను అడిగితే ఇందులో హాస్యం ఎక్కడ ఆగి నటన ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించమంటాను, ఆ హాలు మెట్ల మీది పెద్దాయనను. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

విన్ 1966 జూన్ 19న బెవర్లీ హిల్స్‌లో పోయాడు, డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో. అంతకు ఏడేళ్ళ ముందే వచ్చిన ఆ అరగంట కథ చివర్లో ఆయన వెళ్ళిపోయే తీరు చూశాను కాబట్టి నాకు ఆ తేదీ ఎప్పుడూ సరిగా అతకదు. పిల్ల బతికింది, ఇక ఒప్పందం ప్రకారం బుక్‌మన్ వంతు. మృత్యువు, ముసలివాడు పక్కపక్కనే బయలుదేరుతారు. ముసలివాడు ఆగి, ఒక్క నిమిషమని చెప్పి, తన పెట్టె తీసుకుంటాడు. పైన ఎవరికి ఏం కావలసి వస్తుందో ఏమో అంటాడు.